పంప్ ఇట్ అప్ ఫీనిక్స్: ఒక్క మిస్ లేకపోయినా గ్రేడ్ ఎ దగ్గరే ఎందుకు ఆగుతోంది?

ఎంవీపీ కుర్రాడు
ఇంట్లో మ్యాట్ వేసుకుని డ్యాన్స్ డ్యాన్స్ రివల్యూషన్ (డీడీఆర్) బాగా ఆడేవాణ్ణి. ఇప్పుడు మా వైపు మాల్‌లో ఉన్న పంప్ ఇట్ అప్ ఫీనిక్స్ మెషీన్ మీద పడ్డాను, ఇదీ పాటకి తగ్గట్టు కాళ్లతో ప్యానెళ్లు తొక్కే డ్యాన్స్ గేమే. సింగిల్‌లో (ఒక్క ప్యాడ్ మీద) 10, 11 లెవెల్ పాటలు దాటుతున్నాను. మొన్న ఒక పాటలో ఒక్క మిస్ కూడా లేదు, పాట చివర సూపర్బ్ గేమ్ అని ప్లేటు (బ్యాడ్జి లాంటిది) కూడా ఇచ్చింది, తీరా చూస్తే గ్రేడ్ ఎ, స్కోరు 8 లక్షలు కూడా లేదు. మిస్ లేకపోతే ఇంకేం కావాలి దీనికి? బాణాలు వచ్చే స్పీడ్ 2 మీదే ఆడుతున్నా, పెంచితే ఇంకా కష్టమవుతుందేమో అని టెన్షన్. వైజాగ్‌లో ఆడేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

బీచ్‌రోడ్ బీట్
గురూ, ప్లేటు వేరు, గ్రేడ్ వేరు. సూపర్బ్ గేమ్ అంటే మిస్ లేదని మాత్రమే, బ్యాడ్ (టైమింగ్ బాగా తప్పిన అడుగు) ఒక్కటైనా పడే ఉంటుంది, అది కూడా లేకపోతే ఎక్స్‌ట్రీమ్ గేమ్ వచ్చేది. గ్రేడ్ చూసేది టైమింగ్‌ని. మొత్తం 10 లక్షల్లో కాంబోకి, అంటే వరస తెగకుండా తొక్కినందుకు, దక్కేది 5 వేలే, మిగతా 9,95,000 నువ్వు ఎంత కరెక్టుగా తొక్కావన్నదాని మీదే. అడుగు టైమింగ్‌ని బట్టి పర్ఫెక్ట్‌కి పూర్తి విలువ, గ్రేట్‌కి 60 శాతం, గుడ్‌కి 20, బ్యాడ్‌కి 10. అంటే పాట మొత్తం గ్రేట్‌లతో ఫుల్ కాంబో కొట్టినా వచ్చేది 6,02,000, గ్రేడ్ సి. నాకైతే ఈ పద్ధతే నచ్చింది, కాంబో ఒకచోట తెగినంత మాత్రాన ఆట మొత్తం పోయినట్టు అనిపించదు. పాట అయ్యాక ప్లేటు కాదు, గ్రేట్‌లు ఎన్నో చూడు.

గాజువాక స్టెప్పర్
పైన చెప్పింది కరెక్టే, ఆ బ్యాడ్‌లు ఎక్కడివో నేను చెప్తా. డీడీఆర్‌లో మధ్యలో సెన్సార్ ఉండదు, ప్రతి అడుగు తర్వాత కాలు అక్కడికి తెచ్చుకున్నా ఏం కాదు. ఇక్కడ మధ్యలో పసుపు ప్యానెల్ ఉంది, మిగతా నాలుగూ మూలల్లో ఉన్నాయి. అలవాటుగా మధ్యకి వచ్చావంటే అప్పుడే వస్తున్న పసుపు నోటుని (తెర మీద బాణాన్ని) ముందే తొక్కేస్తావు, అది బ్యాడ్‌లోకో గుడ్‌లోకో పోతుంది. కాలు ఏ ప్యానెల్ మీద ఉంటే అక్కడే ఉంచి, తర్వాతి నోటు రెండో కాలితో తీసుకో. మొదట్లో ఒళ్లంతా పక్కకి తిరిగిపోతుంది, తిరగనీ, చార్ట్‌లు (పాటకి రాసిన అడుగుల వరస) చాలావరకు అలా తిరగడానికే రాస్తారు.

హోల్డ్‌ల (కాలు తీయకుండా నొక్కి ఉంచాల్సిన పొడుగు బాణాలు) దగ్గర కంగారు అక్కర్లేదు, బాణం పైకి చేరకముందే కాలు పెట్టి ఉంచినా పర్ఫెక్టే ఇస్తుంది. ముందే పెట్టేసి రెండో కాలి సంగతి చూసుకో.

బీచ్‌రోడ్ బీట్
స్పీడ్ గురించి మర్చిపోయా. స్పీడ్ పెంచితే పాట వేగం పెరగదు, బాణాల మధ్య దూరం పెరుగుతుంది, అంతే. 2 మీద అవి కర్ఫ్యూ ఎత్తేశాక జగదాంబ జంక్షన్‌లో జనంలా ఒకదాని మీద ఒకటి పడతాయి, ఏది ఎప్పుడు తొక్కాలో కంటికి తెలియదు. 150 బీపీఎం (నిమిషానికి 150 బీట్లు) పాటకి 3 పెట్టి చూడు, తర్వాత 4. లేదంటే ఏవీ మోడ్‌లో ఒక అంకె పెట్టేసుకో, పాట ఏదైనా బాణాలు ఒకే వేగంతో వస్తాయి, ప్రతిసారీ లెక్కలేసుకునే బాధ ఉండదు.

ఎంవీపీ కుర్రాడు
మధ్యకి రావడం నిజమే అన్నా, ఈ వారం అదే చూస్తా. ఇంకోటి, కింద ఎడమ ప్యానెల్ గట్టిగా తొక్కితేనే పడుతోంది. అది నా కాలా, మెషీనా?

గాజువాక స్టెప్పర్
మెషీన్‌కి ఎడమవైపు ప్యాడ్ మీదా, కుడివైపు ప్యాడ్ మీదా అదే పాట ఆడి చూడు, ఒకవైపే పోతుంటే మెషీనే. గట్టిగా తొక్కడం అలవాటు చేసుకోవద్దు, మోకాళ్లు పోతాయి. కౌంటర్‌లో చెప్పు, కార్డు గీకే ముందే చెప్పు. ఆదివారం సాయంత్రం మాత్రం వెళ్లకు, వెనక పిల్లలు లైన్లో ఉంటే వాళ్లకి వినే ఓపిక ఉండదు.