నాలుగు నెలల పాపను చూసుకునే ఆవిడకు జీతం ఎంత ఇవ్వాలి?

ప్రశ్న (పాప వాళ్ళమ్మ):
వచ్చే నెల నుంచి ఆఫీసుకు వెళ్లాలి. పాపను చూసుకోవడానికి ఒకావిడతో మాట్లాడాం. ఉదయం 8 నుంచి సాయంత్రం 6 వరకు, వారానికి ఆరు రోజులు. ఆవిడ అడిగిన జీతం మేం అనుకున్నదానికన్నా పావు వంతు ఎక్కువ. మా ఆయనేమో ‘పాప సగం రోజు నిద్రలోనే ఉంటుంది, ఆ టైంలో వంట, బట్టలు కూడా చూడమందాం’ అంటున్నారు. పసిదాన్ని చేతుల్లో పెట్టే మనిషితో బేరమాడటానికి నాకు మనసొప్పడం లేదు. అడిగినంతా ఇస్తే ఇల్లెలా గడుస్తుందోనని టెన్షన్. మీరంతా ఎలా లెక్క వేసుకున్నారు?

జవాబు 1:
చుట్టుపక్కల పసిపిల్లలున్న ఇళ్లలో కనుక్కోండి. జీతం ఒక్కటే అడిగి వచ్చేయకండి. ఎన్ని గంటలు, బిడ్డ వయసెంత, వేరే పనులేమైనా ఉన్నాయా అన్నదీ అడగాలి. బడికెళ్లే పిల్లాడిని సాయంత్రం కాసేపు చూసే మనిషి జీతంతో మీది పోల్చలేం.

జవాబు 2 (ఇద్దరు పిల్లల తల్లి):
చెల్లీ, మీ ఆయన అన్నమాటే మొదటిసారి నేనూ అన్నాను. ఒకరోజు జ్వరమొచ్చి ఇంట్లోనే పక్క గదిలో పడుకున్నాను. తలుపు సందులోంచి అంతా కనిపిస్తోంది. బాబు ఆవిడ భుజం మీదే నిద్రపోయాడు. పక్క మీద వేసి, తల కింద చెయ్యి కొంచెం కొంచెంగా లాక్కోవడానికే పది నిమిషాలు పట్టింది. తర్వాత పాలసీసాలు కడిగి మరిగించింది, తడిసిన బట్టలు ఆరేసింది. కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు తిన్నదో లేదో, వాడు లేచాడు. ఎడమ చేత్తో జోకొడుతూ అలాగే తినేసింది.

నాలుగు నెలలు నిండిన పిల్లలకు రోజుకు 12 నుంచి 16 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నిజమే, కానీ అందులో ఎక్కువ భాగం రాత్రి నిద్రే. పగలు పడుకునేది ముక్కలు ముక్కలుగా. ఆ కాసేపూ ఆవిడ గడప దాటలేదు, చెవి బిడ్డ మీదే ఉంటుంది. కాబట్టి మీరు ఇంట్లోంచి బయల్దేరినప్పటి నుంచి తిరిగొచ్చేదాకా ప్రతి గంటా లెక్కే. వంట చేయించాలనుకుంటే దానికి వేరే మనిషిని చూసుకోండి. పొయ్యి దగ్గరున్న మనిషి బిడ్డ దగ్గర ఉండలేదు కదా.

నేను చేసిన పెద్ద తప్పు ఇంకోటి ఉంది. రోజూ అరగంట ఆలస్యంగా వచ్చేదాన్ని. 26 రోజులకు 13 గంటలు, అంటే ఆవిడ ఒక రోజు పనికన్నా ఎక్కువే. పైసా ఇవ్వలేదు. మూడో నెలలో మానేసింది. అప్పటికి బాబుకు ఎనిమిదో నెల, కొత్త ముఖం కనిపిస్తే గుక్కపట్టి ఏడ్చే వయసు. ఇంకొకరు అలవాటయ్యేదాకా రెండు వారాలు జీతం లేని సెలవు పెట్టాను. నేను మిగుల్చుకున్నదానికన్నా పోగొట్టుకున్నదే ఎక్కువ.

డబ్బు సరిపోకపోతే రేటు తగ్గించకండి, గంటలు తగ్గించండి.

జవాబు 3:
మా అమ్మ ఇరవై ఏళ్లు పసిపిల్లల్ని చూసుకుంది. యజమానులు ఊరెళ్లిన పది రోజులకూ జీతం కోస్తే ఆ నెల మాకు చాలా కష్టంగా గడిచేది. మీరు సెలవు పెట్టుకున్నా ఆవిడ జీతం ఆపకండి. ఆ రోజులు ఆవిడ మీకోసమే ఉంచుకుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఇంటిపని వాళ్ల కోసం చేసిన 189వ ఒడంబడికలో, వారానికి ఒకసారి కనీసం 24 గంటలు వరసగా విశ్రాంతి ఉండాలని ఉంది. జీతం తేదీ, సెలవులు, ఆలస్యమైతే గంటకు ఎంత, పాప పాకడం మొదలెట్టాక ఎంత పెంచుతారు, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి ఇద్దరూ చెరొకటి ఉంచుకోండి.

పాప వాళ్ళమ్మ:
అందరికీ థాంక్స్. అక్కా, మీ జవాబు మా ఆయనకు చదివి వినిపించాను. వంట మాట మళ్లీ ఎత్తలేదు. శనివారాలు ఆయన ఇంట్లోనే ఉంటారు కాబట్టి ఐదు రోజులు చాలనుకున్నాం. సాయంత్రం ఒక గంట ముందే పంపిస్తామని కూడా అడిగాను. ఆ గంటకు తనకు ఇంకో పని దొరకదని, డబ్బు తగ్గడం తప్ప లాభం లేదని చెప్పింది. సబబే అనిపించింది. శనివారం సెలవుకు మాత్రం సంతోషంగా ఒప్పుకుంది. 60 గంటలు 50 అయ్యాయి. ఆవిడ అడిగిన రేటు మీదే వేస్తే మేం అనుకున్నదానికన్నా కొద్దిగానే ఎక్కువైంది. సోమవారం నుంచి వారం రోజులు నేను ఇంట్లో ఉండగానే వస్తుంది, పాపకు అలవాటవ్వాలని. ఆ వారానికీ పూర్తి జీతమే.