ఎన్సెలాడస్‌లో హైడ్రోజన్ మిగిలి ఉందంటే, తినే జీవులు లేవనా?

అందరికీ నమస్కారం. శనిగ్రహం ఉపగ్రహం ఎన్సెలాడస్ గురించి ఒక డౌట్, తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

దాని వ్యాసం 500 కిలోమీటర్లే, అయినా మంచు కింద సముద్రం ఉంది. దక్షిణ ధ్రువం దగ్గరి పగుళ్ళలోంచి ఆ నీరు ఆవిరిగా, మంచు రేణువులుగా పైకి చిమ్ముతోంది. కసీని అంతరిక్ష నౌక 2015లో ఆ జల్లులోంచే దూసుకెళ్ళి హైడ్రోజన్‌ని పట్టుకుంది. ఫలితాలు 2017లో వచ్చాయి. సముద్రం అడుగున వేడినీళ్ళు రాళ్ళతో చర్య జరపడం వల్ల అది పుడుతోందని అంచనా. మన సముద్రాల అడుగున కొన్ని సూక్ష్మజీవులు హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ వాడుకుని మీథేన్ వదులుతూ బతికేస్తాయి. అక్కడి జల్లులో మీథేన్ కూడా ఉంది. ఇంతవరకు అర్థమైంది.

కానీ అలాంటి జీవులే ఉంటే అంత హైడ్రోజన్ మిగలడమేంటి? వడ్డించిన విస్తరి ముట్టకుండా ఉందంటే ఎవరూ కూర్చోలేదనే కదా! జీవులకు తప్పనిసరైన ఫాస్ఫరస్ కొరతేమో అనుకుందామంటే, అది ఉండే ఫాస్ఫేట్లు కూడా అక్కడ ఉన్నాయని 2023లో తేలింది. పుట్టే హైడ్రోజన్‌తో పోలిస్తే జీవులు మరీ తక్కువై కూడా ఇలా మిగలొచ్చా?

ఇంకొకటి. మీథేన్ జీవం లేకుండానే, రాళ్ళ చర్యల వల్లా రావచ్చంటారు. మరి రేపు ఇంకో నౌక వెళ్తే, ఏది దొరికితే జీవం ఉందని నమ్మొచ్చు? లెక్కలతో చెప్పినా పర్లేదు, కెమిస్ట్రీ కొంచెం వచ్చు.