స్టోమా చుట్టూ ఉబ్బిన సిరల నుంచి రక్తస్రావం: కుట్లు సరిపోతాయా?

ప్రశ్న:
మా నాన్నగారికి 64 ఏళ్లు. ఆరేళ్ల కిందట పురీషనాళ కేన్సర్‌కు శస్త్రచికిత్స చేసి కొలాస్టమీ పెట్టారు, అంటే పెద్దపేగును పొట్ట మీద చేసిన రంధ్రానికి (స్టోమా) కలిపి మలం బ్యాగులోకి వచ్చేలా చేశారు. ఆ తరువాత సిర్రోసిస్ (కాలేయం మచ్చలు పడి గట్టిపడటం) ఉన్నట్లు తేలింది. గత రెండు నెలల్లో మూడుసార్లు బ్యాగులోకి విపరీతంగా రక్తం వచ్చింది. ప్రతిసారీ కుట్టు వేసి పంపారు, రెండు వారాలు తిరగకముందే మళ్లీ మొదలైంది. ఎండోస్కోపీ, కొలనోస్కోపీ రెండింటిలోనూ రక్తం కారే చోటు కనిపించలేదు. స్టోమా చుట్టూ చర్మం మాత్రం ఊదారంగుకు తిరిగింది. స్టోమాను వేరేచోటికి మార్పిస్తే తగ్గుతుందా?

జవాబు (కాలేయ వైద్యుడు):
ఆ ఊదారంగు వలయమే ముఖ్యమైన ఆనవాలు. పేగుల నుంచి కాలేయానికి రక్తాన్ని చేర్చే పోర్టల్ సిరలో ఒత్తిడి పెరిగినప్పుడు రక్తం పక్కదారులు పడుతుంది. స్టోమా దగ్గర పేగు సిరలూ పొట్టగోడ సిరలూ ఆనుకొని ఉంటాయి కనుక అక్కడ అటువంటి దారి సులువుగా ఏర్పడి, ఆ సిరలు ఉబ్బి వేరిసెస్ అవుతాయి. అవి పేగూ చర్మమూ కలిసే అంచున ఉండటం వల్ల కొలనోస్కోపీలో తరచు దొరకవు. పోర్టల్ సిర స్పష్టంగా కనిపించేలా కాంట్రాస్ట్ ఇచ్చి తీసే సీటీ స్కాన్‌లో అవి బయటపడతాయి.

కుట్టు ఆ పూటకు రక్తాన్ని ఆపుతుంది, అది అవసరమే. కానీ లోపలి ఒత్తిడి అలాగే ఉంటే పక్కనున్న మరో సిర చిట్లుతుంది. స్టోమాను మార్చినా కొత్త చోట కాలక్రమంలో ఇదే పరిస్థితి రావచ్చు, పైగా సిర్రోసిస్ ఉన్నవారికి పొట్ట శస్త్రచికిత్స ప్రమాదకరం. కాబట్టి దాన్ని మొదటి మార్గంగా నేను సూచించను. పోర్టల్ సిరలో ఒత్తిడిని తగ్గించే కార్వెడిలాల్ లేదా ప్రొప్రనొలాల్ మాత్రలు ఇవ్వవచ్చునా అని మీ వైద్యులను అడగండి. రక్తం మళ్లీ మళ్లీ పోతున్నందున ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు (స్కాన్ చిత్రాలు చూస్తూ రక్తనాళాల గుండా చికిత్స చేసే వైద్యుడు) అభిప్రాయం తప్పక తీసుకోండి. మెడ సిర గుండా వెళ్లి కాలేయంలో స్టెంట్ అమర్చి ఒత్తిడిని తగ్గించే టిప్స్ ప్రక్రియ ఒకటి. స్టోమాకు రక్తాన్ని చేరవేస్తున్న సిరను కాయిల్‌తోనో గ్లూతోనో మూసివేయడం ఇంకొకటి. ఈ వేరిసెస్ ఒత్తిడి మరీ ఎక్కువగా లేనప్పుడు కూడా చిట్లగలవు కనుక అవకాశం ఉన్నచోట రెండూ కలిపి చేస్తారు.

జవాబు (స్టోమా నర్సు):
ఇంట్లో రక్తం మొదలైతే నాన్నగారిని పడుకోబెట్టి, బ్యాగు మెల్లగా తీసి, కారుతున్న బిందువును కనిపెట్టి, తడి గాజుగుడ్డతో వేలితో గట్టిగా నొక్కి పట్టుకుని, ఆ ఒత్తిడి వదలకుండానే ఆసుపత్రికి తీసుకెళ్లండి. గుడ్డలు కుప్పగా కప్పితే రక్తం ఆగదు, కనిపించకుండా పోతుంది, అంతే. మామూలు రోజుల్లో బేస్‌ప్లేటును (బ్యాగును చర్మానికి అంటించే పలకను) లాగి పీకకుండా అంటుకునే పదార్థాన్ని కరిగించే ద్రవంతో వదులు చేయండి. దాని రంధ్రం అంచు స్టోమాను ఒరుసుకోకుండా చూడండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. టిప్స్ తరువాత మతిస్థిమితం తప్పుతుందని విన్నాను. నిజమేనా?

జవాబు (కాలేయ వైద్యుడు):
కొందరిలో నిజమే. కాలేయం వడపోయవలసిన రక్తం నేరుగా గుండెకు వెళ్లడం వల్ల మగత, తికమక వస్తాయి. చాలామందిలో లాక్టులోజ్, రిఫాక్సిమిన్ అనే మందులతో అదుపులోకి వస్తాయి. గుండె బలహీనంగా ఉన్నా, కామెర్లు ఎక్కువగా ఉన్నా టిప్స్ సాధారణంగా చేయరు. అప్పుడు సిరను మూసే పద్ధతే మేలు. కేన్సర్ తిరిగి రాలేదని తేలితే కాలేయ మార్పిడి గురించి కూడా ఇప్పుడే అడగండి, ఎందుకంటే ఒత్తిడికి మూలాన్నే తొలగించేది అదొక్కటే.