ఫాలోవర్లు 12 వేలు, సభలో 19 మంది: ఒక యువ గాయని సందేహం

ప్రశ్న (గాయని, మందవెలి):

అందరికీ నమస్కారం. నేను నెల్లూరు నుంచి చెన్నైకి వచ్చి ఆరేళ్లుగా గురువుగారి వద్ద కర్ణాటక గాత్రం నేర్చుకుంటున్నాను. గత ఏడాది ఒక ప్రచార సంస్థవారు నెలకు 6 వేల రూపాయలు తీసుకుని నా ఇన్‌స్టాగ్రామ్ ఖాతాను నాలుగు నెలలు చూసుకున్నారు. ఆ నాలుగు నెలల్లో ఫాలోవర్ల సంఖ్య 900 నుంచి 12 వేలకు చేరింది. ఆ ధైర్యంతో మైలాపూరులో ఒక చిన్న హాలు తీసుకుని కచేరీ పెట్టుకుంటే, మృదంగం వాయించిన అబ్బాయి బంధువులతో కలిపి 19 మంది వచ్చారు. ఇప్పుడు కొత్త వీడియోలకు 900 మంది ఉన్నప్పటి స్పందన కూడా రావడం లేదు. సినిమా పాటల ముక్కలు పాడితే జనం చూస్తారని స్నేహితులు చెబుతున్నారు గాని గురువుగారికి అది ఇష్టం లేదు. మార్గళి (డిసెంబరు, జనవరి నెలల్లో చెన్నైలో కచేరీలు జరిగే కాలం) లోపు నేను ఏం చేయాలో పెద్దలు చెప్పగలరు.

జవాబు (కచేరీలు ఏర్పాటు చేసే ఒక చిన్న సభలో ప్రకటనల పని చూసే వాలంటీరు, నంగనల్లూరు):

అమ్మా, ముందుగా ఖాతాలోని ఇన్‌సైట్స్ (ఖాతా గణాంకాలు చూపే పుట) తెరిచి, ఫాలోవర్లు ఏయే నగరాలలో ఉన్నారో చూడండి. మొదటి ఐదు నగరాలలో చెన్నై, బెంగళూరు, హైదరాబాదు లేకపోతే ఆ 12 వేల మంది మీకు శ్రోతలు కారు. డబ్బుకు వచ్చిన అంకెలు మాత్రమే. వాటివల్ల నష్టం కూడా ఉంది. వీడియోను ఎంతమంది చివరిదాకా చూశారు, ఎంతమంది ఇంకొకరికి పంపారు అన్నదాన్ని ముఖ్యంగా లెక్కించి ఇన్‌స్టాగ్రామ్ దాన్ని మరికొందరికి చూపిస్తుంది కనుక, మీ పాట వినని ఫాలోవర్లు ఎందరుంటే ఆ లెక్క అంతగా పడిపోతుంది. స్పందన తగ్గడానికి కారణం మీ గొంతు కాదు. పాత 900 మందికి విషయం చెప్పి కొత్త ఖాతా మొదలుపెట్టడమే మంచిదని నా అభిప్రాయం, వినడానికి అది ఎంత కష్టంగా ఉన్నా.

ఇక ఏం పెట్టాలన్న సంగతి. చెన్నై సభలలో కూర్చునే శ్రోతలలో ఎక్కువమంది త్యాగరాజస్వామి కృతులను చిన్ననాటి నుంచి వింటున్నవారే అయినా వాటి భాష వారికి రాదు. రాగం పట్టుకుంటారు, సంగతులు (ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే తీరులు) లెక్కపెడతారు, మాట దగ్గర మాత్రం ఆగిపోతారు. మీరు పుట్టుకతో తెలుగువారు. ఈ ఊళ్లో పాడే ఎందరో మంచి గాయకులకు లేని సౌకర్యం అది. ఒక నిమిషం వీడియోలో ఒకే ఒక మాట తీసుకోండి. ఉదాహరణకు "కొలువు" అనగానే తమిళులకు నవరాత్రి బొమ్మలు గుర్తొస్తాయి. అదే మాటకు రాజు తీర్చే సభ అనీ, ఆ రాజు వద్ద చేసే సేవ అనీ తెలుగులో ఉన్న అర్థాలను చెప్పి, ఆ మాట వచ్చే పంక్తిని రెండుసార్లు పాడి ఆపేయండి. కింద తమిళంలోనూ ఇంగ్లీషులోనూ అర్థం కనిపించాలి. నవరాత్రి రోజుల్లో ఇలాంటి వీడియోను ఇంటింటి మామీలు ఒకరికొకరు పంపుకుంటారు. సినిమా ముక్క పాడితే చూపులు ఎక్కువగా వస్తాయి, నిజమే. కాని ఆ చూసినవారు రెండు గంటల కచేరీకి రావడం నేను ఇంతవరకు చూడలేదు.

పూర్తి కృతులను యూట్యూబులో ఉంచండి, ఎందుకంటే రసికులు అక్కడ రాగం పేరుతో వెతుకుతారు. ఒకే రాగం పేరును ఇంగ్లీషు అక్షరాలలో కొందరు హెచ్ చేర్చి, కొందరు చేర్చకుండా రాస్తారు కనుక, శీర్షికలో ఒక రూపం, వివరణలో రెండో రూపం ఉంచి, తాళం, వాగ్గేయకారుడి పేరు, పక్కవాద్యాల వారి పేర్లు తప్పక రాయండి. ఇలాంటి పూర్తి నిడివి వీడియోలతో యూట్యూబు ప్రకటనల వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లతో పాటు ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి. ఆ ఆదాయాన్ని లెక్కలో పెట్టుకోవద్దు.

జవాబు (రికార్డింగు పని చేసేవారు, కోడంబాక్కం):

పై మాటలతో ఏకీభవిస్తూ రెండు విషయాలు చేరుస్తున్నాను. ఫోను మైకు చుట్టుపక్కల శబ్దాన్ని తగ్గించే ప్రయత్నంలో తంబురా నాదాన్ని కూడా రొదగా భావించి మింగేస్తుంది, గొంతు పెరిగినప్పుడల్లా తానే స్థాయిని దించేస్తుంది. గమకం (స్వరాన్ని ఊపి పలికించే తీరు) నలిగిపోవడానికి కారణం చాలాసార్లు ఇదే. శబ్దాన్ని చిన్న రికార్డరులో విడిగా తీసుకుని, మొదట ఒకసారి చప్పట్లు కొట్టి, ఆ చప్పుడు ఆధారంగా తర్వాత చిత్రంతో కలపండి. ఫ్యాను ఆపాలి; చెన్నైలో అది ఎంత పెద్ద త్యాగమో నాకు తెలుసు, అందుకే తెల్లవారుజామున పాడమంటాను.

రెండోది హక్కుల సంగతి. మన దేశంలో రచనకూ బాణీకీ కర్త మరణించిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్ల పాటు హక్కులు ఉంటాయి. త్యాగరాజస్వామి 1847లోనే సిద్ధి పొందారు కనుక ఆ కృతులకు చిక్కు లేదు. 1961లో కన్నుమూసిన మైసూరు వాసుదేవాచార్యుల కృతులకు 2021 చివరితో గడువు తీరింది. 2016లో మరణించిన బాలమురళీకృష్ణగారి రచనలకు మాత్రం 2076 చివరిదాకా గడువు ఉంది. అన్నమయ్య విషయంలో చాలామంది పొరబడతారు: సాహిత్యం 15వ శతాబ్దానిదే అయినా, రాగిరేకులపై రాగాల పేర్లే తప్ప స్వరాలు లేవు, మనం ఇప్పుడు వినే బాణీలలో ఎక్కువ భాగం 20వ శతాబ్దపు విద్వాంసులు కట్టినవి. పాట పాతది, బాణీ కొత్తది. త్యాగరాజ కృతికి సైతం ఏదో ఒక క్యాసెట్టు కంపెనీ పేరుతో యూట్యూబు కంటెంట్ ఐడీ క్లెయిము (ఈ శబ్దం మాదేనంటూ యంత్రం ద్వారా వచ్చే హక్కుల దావా) రావచ్చు. దానితో ఖాతా పోదు. రికార్డింగు మీ సొంతమైతే ఆ మాటే రాసి అభ్యంతరం తెలపండి. ఎదుటివారు 30 రోజుల్లో స్పందించకపోతే క్లెయిము తొలగిపోతుంది.

జవాబు (రసికుడు, మాంబళం):

నేను విభేదిస్తున్నాను. మా రోజుల్లో పేపర్లో ఒక చిన్న ప్రకటన, సభ బోర్డు మీద ఒక పేరు సరిపోయేవి. పిల్లలు సాధన వదిలి వీడియోలు తీస్తూ కూర్చుంటే పాట ఎప్పుడు పండుతుంది?

నంగనల్లూరు వాలంటీరు:

అయ్యా, మీ భయం న్యాయమైనదే. అందుకే వారానికి ఒక్క పూట ఈ పనికి కేటాయించి, ఆ పూటే నాలుగు చిన్న వీడియోలు తీసి పెట్టుకోమంటున్నాను. కాని ఇప్పుడు మా సభకు మధ్యాహ్నపు కచేరీ కోసం దరఖాస్తు వస్తే, కార్యదర్శి సర్టిఫికెట్లు చూడరు. లింకు ఏదని అడుగుతారు, ఆలాపన మొదటి రెండు నిమిషాలు వింటారు. మార్గళి జాబితాలు నెలల ముందే తయారవుతాయి కనుక, ఆ లింకు ఆగస్టుకల్లా సిద్ధంగా ఉండాలి. ఇక్కడ కుదరకపోయినా అదే లింకు వసంతంలో బెంగళూరు రామనవమి ఉత్సవాల నిర్వాహకులకు పనికొస్తుంది.

పక్కవాద్యం వారి అనుమతి అడగకుండా కచేరీ వీడియో పెట్టవద్దు. ప్రదర్శకులుగా వారికీ చట్టప్రకారం హక్కులున్నాయి. ఒప్పుకుంటే ఇన్‌స్టాగ్రామ్‌లో వారిని సహభాగస్వాములుగా చేర్చండి, అప్పుడు అదే వీడియో వారి ఫాలోవర్లకు కూడా చేరుతుంది. మంచి వయొలిన్ విద్వాంసుడి ఖాతాను వెయ్యి మందే అనుసరిస్తున్నా, వాళ్లు పాట వినేవాళ్లు.

గాయని:

ఇన్‌సైట్స్ చూశాను. మొదటి మూడూ నేను ఎన్నడూ పేరు వినని విదేశీ నగరాలు. చెన్నై జాబితాలోనే లేదు. కొత్త ఖాతా మొదలుపెడుతున్నాను. ఆనాటి 19 మందిలో 14 మంది నంబర్లు నా వద్ద ఉన్నాయి. ఇన్‌స్టాగ్రామ్‌లో హాలు చుట్టుపక్కల వారికి కనిపించే ప్రకటనకు డబ్బు పెట్టవచ్చా?

నంగనల్లూరు వాలంటీరు:

తప్పక పెట్టవచ్చు, కాని కచేరీకి ముందు నాలుగు రోజులే, అదీ హాలుకు కొద్ది కిలోమీటర్ల పరిధిలో ఉన్నవారికి మాత్రమే కనిపించేలా. దానిపై 18 శాతం జీఎస్టీ అదనం. అంతకంటే ముఖ్యం ఆ 14 నంబర్లు. మన సభలకు వచ్చే పెద్దవారు ఇన్‌స్టాగ్రామ్ చూడరు, వాట్సాప్ తప్పక చూస్తారు. గ్రూపు పెడితే ఉదయం శుభాకాంక్షల పువ్వుల కింద మీ కబురు మునిగిపోతుంది కనుక బ్రాడ్‌కాస్ట్ జాబితా (ఒకే సందేశం అందరికీ విడివిడిగా చేరే ఏర్పాటు) చేయండి; అందులో 256 మంది దాకా చేర్చవచ్చు. ఒక్క జాగ్రత్త: మీ నంబరు వారి ఫోనులో సేవ్ అయి లేకపోతే ఆ సందేశం వారికి అందదు. అందుచేత ఈ సాయంత్రం 14 మందికీ విడివిడిగా ఫోను చేసి, వచ్చినందుకు కృతజ్ఞత చెప్పి, నంబరు సేవ్ చేసుకోమని అడగండి. తర్వాతి కచేరీ ఎప్పుడని వారే అడుగుతారు. తేదీ చేతిలో పెట్టుకుని మరీ ఫోను చేయండి.