అండమాన్‌లో సముద్ర తాబేళ్లను ఇబ్బంది పెట్టకుండా చూడడం ఎలా?

కూకట్‌పల్లి నుంచి ఒక తండ్రి:
అందరికీ నమస్కారం. జనవరి రెండో వారంలో మేము హైదరాబాద్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు, అక్కడి నుంచి హావ్‌లాక్, నీల్ ద్వీపాలకు వెళ్తున్నాము. తొమ్మిదేళ్ల మా అమ్మాయికి సముద్ర తాబేలు ఈదుతుండగా చూడాలని ఏడాదిగా కోరిక. అయితే ఈ మధ్య ఒక వీడియోలో నలుగురు పెద్దవాళ్లు ఒక తాబేలును చుట్టుముట్టి వీపు మీద చేతులు వేయడం చూసి, "మనం వెళ్తే అది కూడా ఇలాగే భయపడుతుందా నాన్నా?" అని అడిగింది. నాకు జవాబు తెలియలేదు. స్వయంగా చూసివచ్చినవారు మీ అనుభవం చెప్పగలరని మనవి.

సైనిక్‌పురి విశ్రాంత ఉద్యోగి:
మీ అమ్మాయి అడిగిన ప్రశ్న చాలా మంచిదండి. నేనూ మా ఆవిడా నీల్ ద్వీపంలో మూడు రోజులు ఉన్నాము. మొదటి రోజు ఏమీ కనిపించలేదు. రెండో రోజు పొద్దున్నే సముద్రపు గడ్డి పెరిగే లోతులేని చోట ఒక పచ్చ తాబేలు మేస్తూ కనిపించింది. అది గడ్డిని కొరికిన ప్రతిసారీ నోటికి రెండు పక్కలా ఇసుక పొగలా లేచి మెల్లగా అణిగేది. మా గైడు మమ్మల్ని కదలకుండా తేలమన్నాడు. మేము వెంటపడలేదు కాబట్టే అది పారిపోకుండా మేస్తూ మేస్తూ మావైపే జరిగింది. కాసేపటికి తల నీటిపైకి ఎత్తి, గట్టిగా ఊపిరి వదిలి, మళ్లీ పీల్చుకుని కిందికి దిగింది. సముద్ర తాబేలుకు ఉన్నవి ఊపిరితిత్తులే కాబట్టి, అది పైకి వచ్చే దారిలో మనం అడ్డంగా తేలుతుంటే దానికి ఊపిరి తీసుకునే వీలు ఉండదు. అందుకే కనీసం మూడు మీటర్ల దూరంలో, దానికి పక్కగా ఉండాలి, ఎప్పుడూ పైన ఉండకూడదు.

మలక్‌పేట గృహిణి:
నేను చేసిన తప్పు చెబుతాను, మరొకరు చేయకుండా ఉంటారు. నాలుగేళ్ల క్రితం ఒక ద్వీపంలో మా గైడు నీటిలోకి దూకి, తాబేలును డిప్ప అంచుల దగ్గర పట్టుకుని నా ముందుకు తెచ్చి ఫోటో తీయించాడు. అది ముందు రెక్కలతో నీటిని కొడుతూనే ఉంది. ఆ సంతోషంలో నేను అతనికి 500 రూపాయలు అదనంగా ఇచ్చాను. ఇంటికి వచ్చాక ఆ ఫోటో చూస్తే, తాబేలును పట్టుకుంటే డబ్బు వస్తుందని అతనికి నేర్పింది నేనేనని అర్థమైంది. సముద్ర తాబేళ్లు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అన్నిటికన్నా గట్టి రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలులో (జాబితాలో) ఉన్నాయి కాబట్టి వాటిని పట్టుకోవడం నేరం కూడా. తరువాతి ప్రయాణంలో పడవ ఎక్కకముందే, మమ్మల్ని దూరంగా ఉంచితేనే బహుమానం ఇస్తామని చెప్పాము. ఆ గైడు ఎంతో ఓపికగా చూపించాడు. నా మాటగా ఒకటే చెబుతాను: బేరం కుదుర్చుకునేటప్పుడే ఈ విషయం తేల్చుకోండి, నీటిలోకి దిగాక ఎవరూ వినరు.

ఉప్పల్ ఉపాధ్యాయురాలు:
మీకు సమయం ఉంటే ఉత్తర అండమాన్‌లో డిగ్లీపూర్ దగ్గరి కాలీపూర్ తీరానికి వెళ్లండి. పోర్ట్ బ్లెయిర్ నుంచి రోడ్డు మీద దాదాపు ఒక రోజు ప్రయాణం, చిన్నపిల్లలకు కష్టమే. ఆ తీరంలో లెదర్‌బ్యాక్, పచ్చ తాబేలు, హాక్స్‌బిల్, ఆలివ్ రిడ్లే, నాలుగు జాతులూ గుడ్లు పెడతాయి. మేము అటవీ శాఖ సిబ్బందితో రాత్రి రెండు గంటలపాటు టార్చి వెలిగించకుండా ఇసుకలో కూర్చున్నాము. తల్లి ఒడ్డుకు ఎక్కేటప్పుడు వెలుతురు కనిపించినా, కదలిక తెలిసినా గుడ్లు పెట్టకుండానే వెనక్కి వెళ్లిపోవచ్చు. గొయ్యి తవ్వి గుడ్లు పెట్టడం మొదలుపెట్టాకనే సిబ్బంది మమ్మల్ని వెనకవైపు నుంచి, మసక ఎర్రదీపంతో దగ్గరికి తీసుకెళ్లారు. పింగ్‌పాంగ్ బంతుల్లాంటి తెల్లని గుడ్లు రెండేసి, మూడేసి పడుతున్నాయి. దాని కంటి నుంచి చిక్కని నీరు కారుతుంటే నా పక్కన ఉన్నామె "ఏడుస్తోంది పాపం" అంది. నిజానికి ఒంట్లో ఎక్కువైన ఉప్పును కంటి దగ్గరి గ్రంథులు అలా బయటికి పంపుతాయని అక్కడి సిబ్బంది చెప్పారు.

కూకట్‌పల్లి నుంచి ఒక తండ్రి:
ఎంతో కృతజ్ఞతలు. అంత దూరం ఈసారికి కుదరదు. పిల్ల తాబేళ్లను మా అమ్మాయి చేత్తో సముద్రంలో వదలవచ్చా?

విశాఖపట్నం నుంచి వచ్చి మియాపూర్‌లో స్థిరపడినవారు:
చేత్తో నీళ్లలో వదలడం వద్దండి, ఇసుక మీద వాటంతట అవే నడిచి వెళ్లాలి. అవి రాత్రిపూట సముద్రం మీది వెలుగును బట్టి దారి తెలుసుకుంటాయి కాబట్టి, ఫోన్ ఫ్లాష్ వేసినా, ఒడ్డున హోటల్ దీపాలు వెలుగుతున్నా వ్యతిరేక దిశలో వెళ్లి తెల్లారేసరికి ఎండిపోతాయి. మన పిల్లలు ఇసుకలో తవ్విన గుంతల్లో పడితే అవి పైకి రాలేవు, అందుచేత ఆడుకున్నాక గుంతలు పూడ్చేయండి. పిల్ల తాబేళ్లను చూడాలనుకుంటే ద్వీపాల దాకా వెళ్లనక్కర్లేదు. మా విశాఖ తీరంలో వేసవికి ముందు ఆలివ్ రిడ్లేలు గుడ్లు పెడతాయి, అటవీ శాఖవారు ఆ గుడ్లను హేచరీల్లో, అంటే పిల్లలయ్యేదాకా కాపాడే కంచె వేసిన చోట్లలో, భద్రపరుస్తారు. ఒక్కో గూటిలో సుమారు వంద గుడ్లు ఉంటాయి, పిల్లలు రావడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. గూటిలో ఇసుక ఎంత వేడిగా ఉంటే అంత ఎక్కువగా ఆడ తాబేళ్లే పుడతాయి.

సైనిక్‌పురి విశ్రాంత ఉద్యోగి:
ఒక మాట మరిచాను. సన్‌స్క్రీన్ ఒళ్లంతా పూసుకునే బదులు పొడుగు చేతుల ఈత చొక్కా వేసుకోండి. పగడాలకు హాని చేస్తాయని ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ అనే రసాయనాలు ఉన్న సన్‌స్క్రీన్ల అమ్మకాన్ని హవాయిలో 2021 నుంచి నిషేధించారు.

కూకట్‌పల్లి నుంచి ఒక తండ్రి:
ఈరోజు నీల్ ద్వీపంలో పడవ ఆయనతో ఫోన్‌లో మాట్లాడి, తాబేలును పట్టుకోకూడదని, వెంటపడకూడదని, కనిపించకపోయినా డబ్బు పూర్తిగా ఇస్తామని చెప్పాను. ఆయన కాసేపు ఆగి, "అలాగైతే పొద్దున ఆరింటికే రండి, జనం ఉండరు" అన్నారు. మా అమ్మాయి అపార్ట్‌మెంట్ ఈత కొలనులో రెండు చేతులూ ఛాతీకి దగ్గరగా పెట్టుకుని, కాళ్లు ఆడించకుండా తేలడం సాధన చేస్తోంది. నిన్నటికి నిమిషంన్నర దాకా వచ్చింది.