'గెలాక్సీ గాలి' అంటే తప్పా?

పరకాల పోరడు:
ఆదివారం హన్మకొండల ఒక ప్రొఫెసర్ గెలాక్సీల నుంచి ఎగజిమ్మే వాయువు గురించి మాట్లాడిండు. ఎం82 అనే గెలాక్సీ ఫొటో చూపెట్టిండు. 1.2 కోట్ల కాంతి సంవత్సరాల దూరమట. నడుమ నుంచి మీదికి, కిందికి ఎర్రటి పాయలు. చుక్కలు పుట్టాల్నంటే వాయువు కావాలె. గుంపుగ పుట్టిన పెద్ద చుక్కలు పేలి ఆ వాయువునే బయటికి తోస్తే గెలాక్సీ ఎదుగుడు మందగిస్తది. నాకు మా నాయిన వడ్లు తూర్పార పట్టుడు యాదికొచ్చింది. లేచి 'గెలాక్సీ గాలి' అని ఏదో అడగబోతే, ఎనుక నుంచి ఒక పెద్దమనిషి 'అది గాలి కాదు బాబూ' అన్నడు. అందరు నవ్విండ్రు. తప్పా?

కాజీపేట మాస్టారు:
తప్పే. 31 ఏళ్లు ఫిజిక్స్ చెప్పాను. గాలి అంటే ప్రధానంగా నైట్రోజన్, ఆక్సిజన్. మన ముక్కు దగ్గర ఒక ఘన సెంటీమీటరులో సుమారు 25 పక్కన 18 సున్నాలన్ని అణువులుంటాయి. అక్కడ చాలా చోట్ల ఒక్కటి కూడా ఉండదు. పిల్లలు ఇలా రాస్తే మార్కులు కోసేవాణ్ణి.

భద్రకాళి కట్ట:
ఊదేది నల్లబిలం గాదా?

పరకాల పోరడు:
ఎం82ల పేలుళ్లే ముఖ్యమట అన్నా. నల్లబిలం జోరు పెద్ద గెలాక్సీలల్ల. మన పాలపుంతకు మీద, కింద 2010ల కనిపెట్టిన ఫెర్మి బుడగలనే పెద్ద వాయువు బుడగలున్నయి. ఒక్కోటి 25 వేల కాంతి సంవత్సరాలు. వాటిని ఏది ఊదిందో ఇంక తేలలే.
మాస్టారూ, సూర్యుని నుంచి ఎగజిమ్మే కణాల సౌర పవనం పాఠం మీరే చెప్పి ఉంటరు. భూమి కాడ దాంట్ల ఘన సెంటీమీటరుకు మామూలుగ అయిదారు కణాలు. అదీ హైడ్రోజనే ఎక్కువ. మరి దానికెవలు మార్కులు కోసిండ్రు?

కాజీపేట మాస్టారు:
అది పవనం. పారిభాషిక పదం.

హుజూరాబాద్ అక్క:
పవనం అంటే గాలి కాదా సార్ 😂

కాజీపేట మాస్టారు:
వెటకారం వద్దమ్మా. మాటకు కట్టుబాటుంటుంది.

పరకాల పోరడు:
గట్ల చెప్పుండ్రి. అణువుల లెక్కలు ఉత్తయే. పవనం అంటే చదువు, గాలి అంటే మోటు! ఎనిమిదోల 'చుక్క' అని రాస్తే కొట్టేసి 'నక్షత్రం' పదిసార్లు రాయించిండ్రు. ఆనాటి సంది క్లాసుల నోరు తెరువలే. ఇన్నేండ్లకు మొన్న తెరిస్తే మళ్ల నవ్వులే.

భద్రకాళి కట్ట:
తమ్మీ, జర నిమ్మలం.

కాజీపేట మాస్టారు:
ఆ పెద్దమనిషిని నేనే. నవ్వింది నేను కాదు.
మేం గూడ ఇంట్ల చుక్కలనే అనేటోళ్లం. మొదటి ఉద్యోగం ఇంటర్వ్యూలో నా యాస విని, రెండో ప్రశ్న అడగకుండానే పంపేశారు. నా దగ్గర చదివినవాళ్లకు ఆ గతి రావొద్దనే దిద్దాను. గాలి విషయంలో నా మాట మారదు. నీ తూర్పార కూడా సగమే కుదిరింది. పొలంలో గాలి బయటి నుంచి వీస్తుంది. ఇక్కడ కుప్పలోంచే పుడుతుంది. పైగా ఎగిరిపోయిన పొట్టులో కొంత తిరిగొచ్చి కుప్ప మీదే పడుతుంది.

పరకాల పోరడు:
అట్ల పడ్డదాంట్ల నుంచి మళ్ల చుక్కలు పుడ్తయా?

కాజీపేట మాస్టారు:
పుడతాయి. నక్షత్రాలు.