బాలల హక్కుల ఒడంబడిక మొత్తాన్నీ మన దేశంలో చట్టం చేయాలా?

పలకా బలపం:
ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో మన దేశం 1992 డిసెంబరులో చేరింది. ముప్పై ఏళ్లు దాటినా, ఒక పిల్ల దాన్ని పట్టుకుని నేరుగా కోర్టుకెళ్లి ‘ఇది నా హక్కు’ అనే వీలు లేదు. రాజ్యాంగం 253వ అధికరణం కింద పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేయాలి. 54 అధికరణాలనూ ఒకే చట్టంగా తేవాలని మేము కొందరం ఎంపీలకు వినతిపత్రం రాస్తున్నాం. అభ్యంతరాలుంటే సంతకాలకు ముందే చెప్పండి.

ఆసు దారం:
నాకుంది. మాది పోచంపల్లి పక్క ఊరు. బడి నుంచి రాగానే అమ్మకు ఆసు పోసేవాణ్ణి, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పేవాణ్ణి. చిటికి కట్టడం, అంటే రంగు అంటకుండా నూలుకు కట్లు వేయడం, మేనమామ నేర్పాడు. ఆ చేతి పనే ఈ రోజుకీ నాకు అన్నం పెడుతోంది. మీ చట్టం వస్తే మా అమ్మ నేరస్థురాలవుతుందా? అసలు చట్టాలకేం కొదవ? విద్యాహక్కు ఉంది, పిల్లలపై లైంగిక నేరాలకు పోక్సో ఉంది, బాలల కమిషన్లు ఉన్నాయి. ఉన్నవాటికే దిక్కులేదు. ఢిల్లీలో రాసేవాళ్లకు మగ్గమూ బాణసంచా కొట్టమూ ఒకటే.

నడిగడ్డ పంతులు:
ఆసు దారం గారూ, మీ అమ్మగారి జోలికి ఎవరూ రారు. బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణే ఆమెను కాపాడింది. బడి వేళలు కాని సమయంలో, సెలవుల్లో, ప్రమాదం లేని పనైతే పిల్లలు కుటుంబానికి సాయం చేయవచ్చని అందులో మినహాయింపు పెట్టారు. నా తగాదా ఆ మినహాయింపుతోనే.

మా వైపు విత్తన పత్తి వేస్తారు. హైబ్రిడ్ విత్తనం కోసం పువ్వులను చేత్తో సంకరం చేసే క్రాసింగ్ పని ఎలా ఉంటుందో చూడనివాళ్ల కోసం చెబుతున్నాను. సాయంత్రం ఆడ మొక్క మీద మరునాడు విచ్చుకోబోయే మొగ్గను గోటితో ఒలిచి, గుర్తుకు ఎర్ర కాగితం తొడుగుతారు. తెల్లవారాక మగ పువ్వు తెచ్చి దాని పుప్పొడి రుద్దుతారు. ఒక్కో మొగ్గకూ ఇదే వరస, రోజూ, నెలల తరబడి. చెట్టు పిల్లల ఎత్తుకు సరిపోతుందని, వాళ్ల వేళ్లు సన్నగా ఉంటాయని రైతులే చెబుతారు. ఆ వేళ్లు సోమవారం బలపం పట్టుకుంటే గోళ్ల కింద పచ్చగా ఉంటుంది.

‘ఎవరి చేను?’ అని అడిగితే ‘మా మేనత్తది సార్’ అంటారు. చట్టంలో ‘కుటుంబం’ అంటే అమ్మానాన్నలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు మాత్రమే కాదు. మేనత్త, బాబాయి, పిన్ని, మేనమామ కూడా. మా ఊళ్లో ఆ లెక్కకు అందని చేను ఎన్ని ఉంటాయి చెప్పండి! ఇక పద్నాలుగు నిండితే ప్రమాదకరమైనవి తప్ప ఏ పనైనా చేయవచ్చు, విద్యాహక్కు చట్టమూ అక్కడే చేయి వదిలేస్తుంది. ఒడంబడికలో మాత్రం పద్దెనిమిది నిండేవరకూ బాలలే.

వకాలతు:
ఇద్దరూ ఒడంబడిక 32వ అధికరణం చదవండి. అది పిల్లల పనంతటినీ నిషేధించదు. దోపిడీని, ప్రమాదాన్ని, చదువుకు అడ్డొచ్చే పనిని వద్దంటుంది. అంటే పిల్లకు జరిగే నష్టాన్ని చూస్తుంది, చేను మేనత్తదా పరాయివాళ్లదా అని చూడదు. ఆ కొలతతో ఆసు దారం గారి మగ్గం నిలబడుతుంది, మేనత్త చేను నిలబడదు. ఒడంబడికలో చేరినప్పుడు మన ప్రభుత్వం సరిగ్గా ఈ అధికరణం మీదే ‘క్రమక్రమంగా అమలు చేస్తాం’ అని ప్రకటన ఇచ్చింది. ఆ క్రమం ఎప్పటికి పూర్తవుతుందో చెప్పలేదు.

కోర్టులే చూసుకుంటాయనేవారికి ఒక మాట. చదువు ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 1993లో చెప్పింది ఉన్నికృష్ణన్ – ఆంధ్రప్రదేశ్ కేసులో. అసలు అక్కడ వివాదం వృత్తివిద్యా కళాశాలల ఫీజుల గురించి! ఆ మాట రాజ్యాంగంలోకి ఎక్కడానికి 2002 దాకా, అమల్లోకి రావడానికి 2010 ఏప్రిల్ దాకా పట్టింది.

గ్లాస్గో నుంచి:
మా దగ్గర అనుభవం చెబుతాను. ఈ ఒడంబడికను చట్టం చేసే బిల్లును స్కాట్లండ్ పార్లమెంటు 2021 మార్చిలో ఏకగ్రీవంగా ఆమోదించింది. అక్టోబరులో బ్రిటన్ సుప్రీంకోర్టు కొన్ని నిబంధనలు స్కాట్లండ్ పార్లమెంటు అధికార పరిధి దాటాయంది. సవరించి అమల్లోకి తెచ్చేసరికి 2024 జులై. అప్పటికీ లండన్‌లోని బ్రిటన్ పార్లమెంటు చేసిన పాత చట్టాలు దాని పరిధి బయటే మిగిలాయి. ‘మొత్తంగా’ అని రాయడం తేలిక. ఏ పాత చట్టం మీద ఏ మేరకు చెల్లుతుందో రాయకపోతే ఏళ్లు పోతాయి.

ఆసు దారం:
వకాలతు గారు చెప్పిన కొలత బాగుంది, కాదనను. కానీ ఆ కొలత పట్టుకుని మా గుమ్మం ఎక్కేది ఎవరు? కార్మికశాఖ అధికారి. ఆయనకు మగ్గం శబ్దం వినబడితే చాలు. చేను ఊరికి దూరం, అక్కడికి జీపు వెళ్లదు.

పలకా బలపం:
వినతిపత్రం మారుస్తున్నాను. మొదటి కోరిక: మినహాయింపుకు చుట్టరికం కాక, చదువుకూ ఆరోగ్యానికీ కలిగే నష్టమే కొలత కావాలి. మొత్తం ఒడంబడిక రెండోది. ఆసు దారం గారి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. కేసు పెట్టే ముందు పిల్లను విడిగా అడిగి తెలుసుకోవాలన్న నిబంధన పెడితే సరిపోతుందా?

వకాలతు:
12వ అధికరణం అదే. పిల్లల మాట వినాలి. అన్నట్టు, మీ ముసాయిదా ఒక్క పిల్లకైనా చూపించారా?

పలకా బలపం:
లేదు.

నడిగడ్డ పంతులు:
నాకు పంపండి, తొమ్మిదో తరగతిలో చదివి వినిపిస్తాను. ఈ వారమే పంపండి. క్రాసింగ్ మొదలైతే వెనక మూడు బెంచీలు ఖాళీ.